పిల్లల ఫుట్‌బాల్‌లో డిఫెన్స్: పులి–మేక తెలిస్తే సగం వచ్చినట్టే

ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడింది మొత్తం కింద రాసి పెట్టాను. డ్యూటీలో ఇయర్‌ఫోన్ పెట్టుకోవడానికి వీల్లేనివాళ్ళు రూముకొచ్చాక చదువుకోవచ్చు. మాట తడబడ్డ చోట సరిచేశాను, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంది.

దోహా నుంచి మాట్లాడుతున్నాను.

శుక్రవారం పొద్దున పిల్లల చేత ఫుట్‌బాల్ ఆడిస్తానని మీలో చాలామందికి తెలుసు. నేను సర్టిఫికెట్ ఉన్న కోచ్‌ని కాదు, సైటులో సూపర్‌వైజర్ని. చదివి, చూసి, పిల్లల దగ్గరే నేర్చుకున్నాను. పోయిన నెల నుంచి వచ్చిన వాయిస్ మెసేజుల్లో మూడు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. ఒక తమ్ముడు ఆర్మూర్ దిక్కువాడు. కొడుక్కి తొమ్మిదేళ్ళు, ఊళ్ళో స్కూల్ టీంలో ఆడుతున్నాడంట. నలభై రోజుల లీవు మీద పోతున్నా, వాడికి ఏం నేర్పాలి అన్నా అని అడిగాడు. రెండో ఆయన కుటుంబంతో ఇక్కడే ఉంటాడు. మావోణ్ణి ఎప్పుడూ వెనకనే నిలబెడుతున్నారు, వాడికి చిన్నతనంగా ఉంది అన్నాడు. మూడో ఆయన క్యాంపులో ఆడే ఆటలో చీలమండ మడతబడి వారం మంచం మీద ఉన్నాడు. ఎదురుగా వచ్చినవాణ్ణి ఆపాలంటే దూకక ఇంకేం చెయ్యాలి అని ఆయన ప్రశ్న.

మూడు ప్రశ్నలకూ జవాబు ఒక్కచోటే ఉంది. అదే డిఫెన్స్. అంటే ఎదుటి టీం దగ్గర బంతి ఉన్నప్పుడు మనం ఏం చెయ్యాలన్నది. దీన్ని నేర్పడానికి పెద్ద గ్రౌండు అక్కరలేదు, పదకొండు మంది అక్కరలేదు. అసలు పెద్ద గ్రౌండులో పిల్లలకు ఇది రాదు కూడా.

ముందు మనందరికీ తెలిసినది ఒకటి చెప్తా. 2022 వరల్డ్ కప్ ఇక్కడే జరిగింది. ఆ స్టేడియాలలో, రోడ్లలో, మెట్రోలో చెమట కార్చినవాళ్ళు ఈ మాటలు వింటున్నవాళ్ళలోనే ఉన్నారు. ఆ కప్పులో మొరాకో సెమీఫైనల్ దాకా పోయింది. ఆఫ్రికా నుంచి అంతదాకా పోయిన మొదటి టీం అది. సెమీఫైనల్‌కి ముందు ఐదు మ్యాచులు ఆడితే వాళ్ళ వలలో పడ్డది ఒక్క గోలు. అది కూడా కెనడా మీద, సొంత ఆటగాడి కాలికి తగిలి లోపలికి పోయింది. క్రొయేషియా, బెల్జియం, స్పెయిన్, పోర్చుగల్, ఈ నాలుగింటిలో ఎవరూ ఆటలో గోలు కొట్టలేకపోయారు. స్పెయిన్‌తో ఆడిన రోజు 120 నిమిషాల్లో బంతి ఎక్కువసేపు స్పెయిన్ వాళ్ళ కాళ్ళ దగ్గరే ఉంది. పక్కకి ఇచ్చారు, వెనక్కి ఇచ్చారు, మళ్ళీ పక్కకి ఇచ్చారు. ముందుకు పోయే దారి మాత్రం దొరకలేదు. చివరికి పెనాల్టీలలో 3–0తో మొరాకో గెలిచింది. ఆ రాత్రి మా క్యాంపు పక్క వీధిలో మొరాకో వాళ్ళూ మనవాళ్ళూ కలిసి ఎగిరారు. మ్యాచి వీడియో దొరికితే బంతిని చూడకండి. బంతి లేని మొరాకో ఆటగాళ్ళు ఎక్కడ నిలబడుతున్నారో చూడండి.

పిల్లల సంగతికి వస్తాను. ఇప్పుడు చాలా దేశాల్లో చిన్నపిల్లల చేత పదకొండు మంది ఆట ఆడించడం మానేశారు. అమెరికాలో ఎనిమిదేళ్ళ లోపు వాళ్ళకు నలుగురు నలుగురు, గోల్‌కీపర్ కూడా ఉండడు. తొమ్మిది, పదేళ్ళవాళ్ళకు ఏడుగురు. పదకొండు, పన్నెండేళ్ళవాళ్ళకు తొమ్మిదిమంది. జర్మనీలో 2024–25 సీజన్ నుంచి మరీ చిన్నపిల్లలు ఇద్దరిద్దరుగానో ముగ్గురు ముగ్గురుగానో, నాలుగు చిన్న గోల్ పోస్టుల మధ్య ఆడాలని దేశమంతటా రూలు పెట్టారు. ఆ నాలుగు పోస్టుల ఆటకు ఫునినో అని పేరు. దాన్ని తయారుచేసిన హోర్స్ట్ వీన్ అనే జర్మన్ ఆయన మొదట హాకీ కోచ్.

ఎందుకు చిన్నది? లెక్క సులువు. పెద్ద గ్రౌండులో ఇరవై రెండుమంది పిల్లలకు ఒకటే బంతి. డిఫెన్స్‌లో నిలబడ్డ పిల్లగాడు పది నిమిషాలు గోర్లు కొరుక్కుంటూ నిలబడతాడు. హఠాత్తుగా ఒకడు బంతితో మీదకు వస్తాడు. వీడు భయపడి దూకుతాడు, వాడు పక్కనుంచి పోతాడు, గోలు అవుతుంది, అందరూ వీడినే చూస్తారు. నలుగురు నలుగురి ఆటలో అట్లా ఉండదు. ముప్పై మీటర్ల పొడవు, ఇరవై మీటర్ల వెడల్పు స్థలం. ప్రతి పిల్లగాడూ నిమిషంలో చాలాసార్లు ఎవరినో ఒకరిని ఆపాల్సి వస్తుంది. తప్పు చేస్తాడు, మరుక్షణమే ఇంకో అవకాశం వస్తుంది. పోయిన గోలు గురించి ఏడవడానికి కూడా టైం ఉండదు.

ఒక మాట మాత్రం ముందే చెప్పాలి. ఆరు, ఏడేళ్ళ పిల్లలు బెల్లం చుట్టూ ఈగల్లాగ బంతి చుట్టూ మూగుతారు. వాళ్ళను విడిపోండి, విడిపోండి అని అరవకండి. ఆ వయసుకు అదే ఆట. ఎనిమిది, తొమ్మిదేళ్ళు వచ్చాక ఒకరికొకరు ఎదురెదురు నేర్పండి. పదేళ్ళు దాటాక వెనక కాపు కాయడం నేర్పండి. అంతకంటే ముందు చెప్తే చెవికెక్కదు, ఊరికే మన గొంతు పోతుంది.

మొదటి ఆట ఒకరికి ఒకరు. పన్నెండు అంగల పొడవు, ఎనిమిది అంగల వెడల్పు గీసుకోండి. పెద్ద అంగ అంటే దాదాపు మీటరు అనుకోండి. డిఫెన్స్ పిల్లగాడే అవతలి వాడికి బంతి తన్ని ఇస్తాడు, ఇచ్చి వాడి మీదకు ఉరుకుతాడు. అవతలివాడు బంతిని కాలి దగ్గరే పెట్టుకుని ఈ చివరి గీత దాటితే గెలిచినట్టు.

ఇక్కడ నూటికి తొంభైమంది పిల్లలు ఒకే పని చేస్తారు. ఎంత వేగంగా ఉరికారో అంతే వేగంగా పోయి కాలు విసురుతారు. అవతలివాడు బంతిని ఒక జానెడు పక్కకు జరిపితే చాలు, మనవాడు ఎక్కడో ఆగుతాడు. అందుకని నేను చెప్పేది ఇంతే. దూరం ఉన్నప్పుడు ఉరుకు. మూడు మీటర్లు ఉందనగా అడుగులు చిన్నవి చెయ్యి. చెయ్యి చాపితే తగిలీ తగలనంత దూరంలో ఆగు. మోకాళ్ళు వంచు. రెండు పాదాలూ వాడికి ఎదురుగా పెట్టకు, ఒక కాలు ముందు, ఒక కాలు వెనక పెట్టి పక్కకు తిరిగి నిలబడు. వాడి మొహం చూడకు, నడుం ఊపితే చూడకు. బంతిని చూడు. వాడు కదిలితే నువ్వు వెనక్కి జరుగు. వాడి కాలి నుంచి బంతి జర దూరం పోయిన క్షణం వస్తుంది, తప్పకుండా వస్తుంది. అప్పుడు కాలు పెట్టు.

ఇది అర్థం చేయించడానికి మనకు కబడ్డీ ఉండనే ఉంది. రైడర్ కూతకు వచ్చినప్పుడు ముందే దూకినవాణ్ణి వాడు ముట్టి పోతాడు. తెలివైనవాడు వెనక్కి జరుగుతూ, జరుగుతూ రైడర్ మళ్ళే క్షణం కోసం చూస్తాడు. మా పిల్లలకు ఫుట్‌బాల్ మాటల్లో పది నిమిషాలు చెప్పినా ఎక్కనిది కబడ్డీ అని చెప్తే ఒక్క నిమిషంలో ఎక్కింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలకు మాత్రం ముందు కబడ్డీ ఏందో చూపించాల్సి వచ్చింది. అది వేరే కథ, మోకాళ్ళు గీరుకుపోయాయి, తల్లులు నన్ను తిట్టారు.

ఇంకో విషయం, పక్కకు తిరిగి నిలబడటం ఎందుకు? ఊళ్ళో పొలానికి నీళ్ళు పెట్టినవాళ్ళకు ఇది తెలుసు. పారే నీటిని ఎదురుగా నిలబడి చేతులతో ఆపలేం. ఒక దిక్కు మట్టి వేస్తే ఇంకో దిక్కు అదే మళ్ళుతుంది. మన ఒళ్ళు ఆ మట్టి. గోల్ దిక్కు దారి మూసి, గీత దిక్కు దారి తెరిచి పెట్టాలి. వాడు తెరిచిన దారినే పోతాడు. అక్కడ గీత ఉంది, గీత దాటితే బంతి మనది. ఖర్చు లేకుండా దొరికిన ఇంకో డిఫెండర్ ఆ గీత.

రెండో ఆట ఇద్దరికి ఇద్దరు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే, అందుకే దీని మీద ఎక్కువసేపు మాట్లాడతా.

ఊళ్ళో రచ్చబండ మీద, గుడి అరుగు మీద బొగ్గుతో గీసిన పులి–మేక ఆట మీలో చాలామంది ఆడి ఉంటారు. పులి మేకను ఎట్లా చంపుతుంది? మేక పక్కకు వస్తుంది. మేక వెనక గడి ఖాళీగా ఉంటే దాని మీదుగా దూకుతుంది, మేక పోయింది. వెనక గడిలో ఇంకో మేక ఉంటే పులి దూకలేదు. ఎంత పెద్ద పులైనా సరే. మేకలు పులిని కొట్టి గెలవవు, కదలకుండా చేసి గెలుస్తాయి. ఫుట్‌బాల్ డిఫెన్స్ గురించి నేను చదివినదంతా ఆ అరుగు మీద ఉంది.

ఇరవై మీటర్ల పొడవు, పదిహేను మీటర్ల వెడల్పు. రెండు చివరలా రెండు నీళ్ళ సీసాలతో చిన్న గోల్. బంతి దగ్గరకు పోయేవాడు మొదటి మేక. రెండోవాడు వెనక గడి. ఎంత వెనక అంటే మూడు, నాలుగు మీటర్లు. నేరుగా వెనక కాదు, ఏటవాలుగా, గోల్ దిక్కుకి. నేరుగా వెనక నిలబడితే ఒక్క పాస్‌తో ఇద్దరూ పోతారు. మరీ దగ్గర నిలబడితే ఒక్క డ్రిబుల్‌కే ఇద్దరూ పోతారు. మరీ దూరం నిలబడితే మొదటివాడు తప్పినప్పుడు వీడు చేరుకోలేడు. ఈ దూరాన్ని నోటితో చెప్పి లాభం లేదు. ఆట ఆపి, ఎక్కడివాళ్ళను అక్కడే నిలబెట్టి, నువ్వు రెండు అడుగులు ఇటు జరుగు, ఇప్పుడు చూడు అని చూపించాలి. అదీ ఆటకు ఒకటి, రెండుసార్లే. ప్రతి నిమిషం ఆపితే పిల్లలకు చిరాకు.

వెనకున్నవాడు ఒక మాట అనాలి. మా గ్రౌండులో ఆ మాట "ఉన్నా". ముందున్నవాడికి అది వినపడితే ధైర్యంగా దగ్గరికి పోతాడు, వినపడకపోతే దూరంగా ఆగుతాడు. మా దగ్గర మలయాళీ పిల్లలు, నేపాలీ పిల్లలు, ఒక ఈజిప్షియన్ పిల్లగాడు కూడా వస్తారు. వాళ్ళందరూ ఇప్పుడు "ఉన్నా" అనే అరుస్తారు. ఆ ఈజిప్టు పిల్లగాడు దాన్ని సాగదీసి "ఉన్నాఆఆ" అంటుంటే వినాలి.

ఇప్పుడు కష్టమైన సంగతి. అవతలివాడు బంతిని తన జతగాడికి ఇచ్చాడు. ఆ క్షణంలో పనులు తారుమారు కావాలి. వెనక ఉన్నవాడు ముందుకు పోవాలి, ముందున్నవాడు వెనక్కి దిగాలి. పిల్లలు ఇక్కడే ఆగిపోతారు. పాస్ పోయింది కదా, నా పని అయిపోయింది అని నిలబడి చూస్తారు. ఈ మారడం కోసమే ఇద్దరిద్దరి ఆట. రెండు నిమిషాలు ఆడించండి, ఒక నిమిషం ఆపండి, నీళ్ళు తాగించండి, మళ్ళీ ఆడించండి. నాలుగు ఆదివారాలో నాలుగు శుక్రవారాలో పట్టవచ్చు. తొందరపడకండి.

మూడో ఆట ముగ్గురు ముగ్గురు, నాలుగు గోల్ పోస్టులు. ముందు చెప్పిన జర్మనీ ఆట ఇదే. ముప్పై మీటర్లకు ఇరవై మీటర్లు, నాలుగు మూలల దగ్గర నాలుగు చిన్న గోల్స్. ప్రతి టీం రెండింటిని కాయాలి. గోల్‌కి ఆరు మీటర్ల దూరంలో గీత. ఆ గీత లోపలికి వచ్చి తన్నితేనే గోలు లెక్క. ఈ రూలు లేకపోతే ప్రతివాడూ సగం గ్రౌండు నుంచి తన్నుతాడు.

ఇందులో మేలు ఏంటంటే గోల్ ముందు కూర్చునే రోగం పోతుంది. ఒక్క చిన్న గోల్ పెట్టి ఆడిస్తే ఎవరో ఒకడు తలుపు దగ్గర వాచ్‌మన్‌లాగ దాని ముందు నిలబడతాడు. రెండు గోల్స్ ఉంటే ఒక్కడు రెండిటి ముందూ నిలబడలేడు. అప్పుడు ఆలోచించాల్సి వస్తుంది. ఒకడు బంతి మీదకు పోతాడు, ఒకడు వాడి వెనక, మూడోవాడు దూరంగా ఉన్న గోల్ దిక్కు ఒక కన్ను, బంతి దిక్కు ఒక కన్ను వేసి నడుమన ఉంటాడు. ఆ మూడోవాడి పని ఎవరికీ కనపడదు. కానీ బంతిని ఒక్క తన్నుతో అవతలి మూలకు మార్చినప్పుడు వాడు లేకపోతే గోలే.

ఇంక తక్కువమంది ఉన్నప్పటి ఆట ఒకటుంది. ముగ్గురు దాడి, ఇద్దరు డిఫెన్స్, డిఫెన్స్ టీంలో మూడోవాడు ఎనిమిది మీటర్ల వెనకనుంచి ఉరికి వస్తాడు. ఇద్దరికీ చెప్పేది ఒక్కటే. బంతి లాక్కోవద్దు, ఐదు లెక్కపెట్టేదాకా ఆలస్యం చెయ్యండి. వెనక్కి జరగండి, నడుమ దారి మూయండి, పాస్ పక్కలకే పోయేటట్టు చూడండి. ఆ ఐదు అంకెలలో మూడోవాడు వచ్చేస్తాడు. బయట కూర్చున్న పిల్లలందరూ గట్టిగా ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడతారు. అది వాళ్ళకు పండగ.

పాయింట్ల సంగతి. గోలుకి ఒక పాయింటు ఎట్లాగూ ఉంది. బంతి గుంజుకుని మొదటి పాస్ తనవాడికి సరిగా ఇస్తే దానికీ ఒక పాయింటు ఇస్తాను. గుంజుకుని గాలిలోకి తన్నేస్తే ఏమీ లేదు. ఎందుకంటే గాలిలోకి తన్నిన బంతి మళ్ళీ వాళ్ళ దగ్గరికే పోతుంది, మళ్ళీ మొదటి నుంచి ఉరకాలి. గ్రౌండు బయట నిలబడి "తన్నేయ్, బయటికి తన్నేయ్" అని అరిచే తండ్రులకు ఇది ముఖ్యంగా చెప్తున్నా. మీ అరుపు విని పిల్లగాడు తంతాడు. తలెత్తి చూసి పాస్ ఇవ్వడం ఎప్పుడు నేర్చుకుంటాడు?

తండ్రుల మాట వచ్చింది కాబట్టి రెండో ప్రశ్న అడిగినాయన కోసం ఒక సంగతి చెప్తా. మా దగ్గరకు పదకొండేళ్ళ పిల్లగాడు ఒకడు వస్తాడు. జగిత్యాల దిక్కువాళ్ళు, తండ్రి ట్రెయిలర్ నడుపుతాడు. పిల్లగాడు జర లావు, ఉరుకుడు తక్కువ. కొన్ని వారాలయ్యాక తండ్రి నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, మావోణ్ణి ఎందుకు ఎప్పుడూ వెనకనే ఉంచుతున్నవ్? వాడు గోల్ కొట్టాలె గదా. నేను ఊరికి వీడియో పంపాలె, మా అమ్మ అడుగుతుంది" అన్నాడు. కోపంగా కాదు, బాధగా అన్నాడు.

నేను ఎవరినీ వెనక ఉంచను. నలుగురి ఆటలో వెనక, ముందు అని స్థలాలు లేవు. ఆ మాటే చెప్పి, పిల్లగాణ్ణి పిలిచి అడిగా. ఏం రా, నిన్ను వెనక నిలబడమని ఎవరన్నారు అని. వాడు అన్నాడు కదా, "ఎవరూ అనలేదంకుల్. నేను లావు కదా, అందుకే నేనే పోయి నిలబడతా. వచ్చే వారం నుంచి రాను" అన్నాడు. మనం ఎవరమూ అనకముందే వాడికి వాడే తీర్పు చెప్పుకున్నాడు. స్కూల్లో ఎవరో అని ఉంటారు, ఇంట్లో నవ్వులాటకు అని ఉంటారు. తండ్రి మొహం చూడలేకపోయాను.

అప్పటినుంచి వాణ్ణి నాలుగు గోల్స్ ఆటలోనే ఎక్కువ ఆడించాను. అందులో వెనక అనే చోటే లేదు, పోయి దాక్కోవడానికి. రెండు నెలలకు ఒక సంగతి బయటపడ్డది. వాడికి ఉరుకుడు తక్కువ గానీ చూపు ఎక్కువ. బంతి ఎటు పోతుందో వాడికి అర చిటికె ముందే తెలుస్తుంది. ఉరికేవాడికి పది అడుగులు పడితే వీడు రెండు అడుగుల్లో అక్కడ ఉంటాడు. డిఫెన్స్‌లో మొదటి రకం పని అదే, పాస్ మధ్యలో పట్టుకోవడం. అది కుదరకపోతే వాణ్ణి గోల్ దిక్కు తిరగనివ్వకపోవడం. అదీ కుదరకపోతే ఆలస్యం చెయ్యడం. కాలు వెయ్యడం అన్నిటికన్నా చివరిది.

ఒక శుక్రవారం మా దగ్గర అందరికన్నా వేగంగా ఉరికే పిల్లగాడు బంతితో వీడి మీదకు వచ్చాడు. వీడు దూకలేదు. జరిగాడు, జరిగాడు, వాణ్ణి మెల్లగా గీతదాకా తీసుకుపోయాడు. వాడికి దారి లేక బంతి తనే బయటికి తన్నుకున్నాడు. తండ్రి ఆ పన్నెండు సెకన్లు ఫోన్‌లో పట్టాడు, ఊరికి పంపాడు. వాళ్ళమ్మ ఫోన్ చేసి "గోల్ ఏదిరా?" అని అడిగిందంట. ఆయన ట్రెయిలర్ పక్కకు ఆపుకుని అరగంట ఆమెకు పులి–మేక ఆటతో చెప్పుకొచ్చాడంట. పిల్లగాడు ఇప్పటికీ వస్తున్నాడు.

వెనక ఆడేవాళ్ళు తక్కువ అనుకునేవాళ్ళకు ఇంకో మాట. మన హైదరాబాద్‌లో సయ్యద్ అబ్దుల్ రహీం అని ఒక ఆయన ఉండేవారు. స్కూల్ టీచర్‌గా మొదలై ఇండియా టీం కోచ్ అయ్యారు. ఈమధ్య 2024లో వచ్చిన మైదాన్ సినిమా ఆయన మీదే. ఆయన చేతిలో ఇండియా 1951లో, 1962లో ఏషియన్ గేమ్స్ బంగారు పతకాలు గెలిచింది, 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చుకుంది. 1962 జకార్తాలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం గారు ఆయన్ని సెమీఫైనల్‌లో, ఫైనల్‌లో ముందుకు పంపి ఫార్వర్డ్‌గా ఆడించారు. ఫైనల్‌లో సౌత్ కొరియా మీద 2–1తో గెలిచాం. ఆ రెండు గోల్స్‌లో ఒకటి జర్నైల్ సింగ్‌ది. అటాక్‌ని ఆపడం తెలిసినవాడికి అటాక్ చెయ్యడం కూడా తెలుసు. ఇది నా అభిప్రాయం, ఎవరైనా కాదంటే వాయిస్ మెసేజ్ పెట్టండి, వింటాను.

ఇంక దెబ్బల సంగతి. పిల్లలకు నేలమీద జారుతూ కాలు వేసే ట్యాకిల్ మా దగ్గర పూర్తిగా బంద్. ఆర్టిఫీషియల్ టర్ఫ్ మీద చర్మం లేచిపోతుంది, మట్టి మీద ఇంకా ఘోరం. పైగా జారినవాడు కింద ఉంటాడు, ఆట ముందుకు పోతుంది. తలతో కొట్టడం కూడా వద్దు. అమెరికాలో పదేళ్ళు, ఆ లోపు పిల్లలకు హెడింగ్ ఆపేశారు. ఇంగ్లండ్‌లో 2020 నుంచి ప్రైమరీ స్కూల్ వయసు పిల్లలకు ప్రాక్టీస్‌లో హెడింగ్ చేయించవద్దని చెప్పారు. పిల్లల బంతి పిల్లల సైజులోనే ఉండాలి. ఎనిమిదేళ్ళ లోపు మూడో నంబరు, పన్నెండేళ్ళదాకా నాలుగో నంబరు. పెద్దల ఐదో నంబరు బంతితో ఆడించి, వాడికి పాస్ రావట్లేదు అనకండి. షిన్ ప్యాడ్ తప్పనిసరి. ఎండ సంగతి మీకు నేను చెప్పేదేముంది. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడున్నరదాకా మనకే బయట పని ఆపుతారు. పెద్దవాళ్ళకు పనికిరాని ఎండలో పిల్లల్ని ఆడించొద్దు.

మూడో ప్రశ్న అడిగిన తమ్ముడూ, ఇది నీకోసం. క్యాంపులో ఐదుగురు ఐదుగురు ఆడే ఆట కూడా చిన్న ఆటే. పిల్లలకు చెప్పిందంతా నీకూ వర్తిస్తుంది. ఆగు, జరుగు, గీత దిక్కు పంపు, వెనకవాడు "ఉన్నా" అనేదాకా కాలు పెట్టకు. సేఫ్టీ బూట్లతో ఆడేవాళ్ళను నేను చూశాను, వాళ్ళతో అసలు ఆడకు. ఇక్కడి లేబర్ చట్టం ప్రకారం మూడు నెలల సర్వీసు దాటినవాళ్ళకు, డాక్టర్ కాగితం ఉంటే, సిక్ లీవు మొదటి రెండు వారాలు పూర్తి జీతం. ఆ తర్వాత నాలుగు వారాలు సగం జీతం. ఆ తర్వాత జీతం లేదు. చీలమండ విరిగితే ఆరు వారాలలో మళ్ళీ స్కాఫోల్డింగ్ ఎక్కగలవా లేదా నువ్వే ఆలోచించుకో. ఇంటికి పోయే డబ్బు, చిట్టీ డబ్బు, అప్పు మీద మిత్తి, ఇవన్నీ ఆ చీలమండ మీదనే నడుస్తున్నాయి. శుక్రవారం ఆట మానమని నేను అనను. ఆరు రోజుల పని తర్వాత ఆ గంట లేకపోతే మనిషి మనిషిగా ఉండడు. దూకడం ఒక్కటి మానెయ్.

ఆర్మూర్ తమ్ముడికి చివర్లో చెప్తా. నలభై రోజుల్లో సగం చుట్టాల ఇళ్ళకు, బ్యాంకు పనులకు, పెళ్ళిళ్ళకు పోతాయి. కొడుకుతో నీకు నికరంగా దొరికేవి పన్నెండు, పదమూడు సాయంత్రాలు. ఒక్కో సాయంత్రం నలభై నిమిషాలు చాలు. మొదటి వారం నువ్వూ వాడూ, ఒకరికి ఒకరు. నువ్వు బంతి పట్టుకుని నడువు, ఉరకకు. వాణ్ణి నీ ముందు జరగనివ్వు. నువ్వు కావాలని బంతి దూరంగా వదిలిన క్షణం వాడు పట్టుకుంటున్నాడా చూడు. రెండో వారం పక్కింటి పిల్లలు ఇద్దరిని పిలువు, ఇద్దరికి ఇద్దరు. గోల్‌కు చెప్పులు పెట్టినా సరే. మూడో వారం ఇంకో ఇద్దరు దొరికితే నాలుగు గోల్స్ ఆట, ఎనిమిది ఇటుకలు చాలు. నువ్వు మళ్ళీ ఫ్లైట్ ఎక్కేసరికి ఆ పిల్లలు నువ్వు లేకపోయినా ఆడుకుంటారు. వీడియో కాల్‌లో గోల్స్ ఎన్ని అని అడగకు. ఎవణ్ణి ఆపినవ్, ఎట్లా ఆపినవ్ అని అడుగు. చాలాసేపు మాట్లాడతాడు.

దోహాలో ఉన్నవాళ్ళకు: వచ్చే శుక్రవారం పొద్దున ఐదు ముప్పావుకే మొదలుపెడతాం, ఎనిమిది లోపు అయిపోతుంది. పిల్లలకు రెండు లీటర్ల నీళ్ళు, షిన్ ప్యాడ్లు మీరే తేవాలి. కోన్లు సైటు నుంచి తేవద్దు, పోయినసారి ఒకాయన తెస్తే సేఫ్టీ ఆఫీసరు నుంచి నాకే ఫోన్ వచ్చింది. ఖాళీ నీళ్ళ సీసాలలో ఇసుక పోసి తెండి.